ఇరవై మీటర్ల బస్సు

ముందు లెక్క చెబుతాను. భయపడకండి, కాగితం పెన్సిలు అక్కర్లేదు.

ఒక బస్సు నిశ్చలస్థితి నుంచి బయలుదేరి, సమత్వరణంతో పది సెకన్లు ప్రయాణించింది. త్వరణం సెకనుకు సెకనుకు రెండు మీటర్లు. ఆ పది సెకన్లలో అది పోయిన దూరమెంత? గాలి నిరోధాన్ని విస్మరించుము. నాలుగు మార్కులు.

అంటే, ఆగి ఉన్న బస్సు కదిలాక సెకను సెకనుకీ దాని వేగం రెండేసి చొప్పున పెరుగుతుందన్నమాట. మొదట్లో సున్నా, పది సెకన్లకి ఇరవై. సగటు చూస్తే పది. సెకనుకు పది మీటర్ల చొప్పున పది సెకన్లు పోతే వంద మీటర్లు. అంతే లెక్క. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగా చేరినప్పటి నుంచీ దీన్ని నేను ఏటా బోర్డు మీద వేస్తున్నాను. ఇంతవరకు ఏ బస్సూ నాకు ఎదురు చెప్పలేదు.

ఈ ఏడు ఇంటర్ పరీక్షలో ఇదే ఇచ్చారు. పేపర్లు దిద్దేవాళ్ల కోసం పరీక్షా మండలివారు పంపిన కీలో మాత్రం వంద లేదు. ‘ఇరవై మీటర్లు’ అని ఉంది.

అది ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. కీ తయారుచేసిన పెద్దమనిషి త్వరణాన్ని కాలంతో గుణించాడు. ఇరవై వచ్చింది. అది బస్సు చివరి వేగం. ఆయన దాని పక్కన ‘మీటర్లు’ అని రాసేసి భోజనానికి లేచి ఉంటాడు. పది సెకన్లలో ఇరవై మీటర్లంటే, పాల ప్యాకెట్టు కొనడం మరిచిపోయి వెనక్కి తిరిగిన మనిషి నడక. ఆ మాత్రం ఆయనకి తట్టలేదు. ఆయనే రాజధానిలో పేరుమోసిన ఒక ర్యాంకుల కాలేజీకి గైడు కూడా రాసిపెట్టాడు. గైడులోనూ ఇరవయ్యే. ఆ కాలేజీ పిల్లలు గైడును కామాలతో సహా బట్టీ పట్టారు కాబట్టి అందరికీ నాలుగుకి నాలుగు పడ్డాయి.

మా కాలేజీలో వంద రాసిన పిల్లలందరికీ సున్నా పడింది. మిగతావాళ్లు ఎలాగో గట్టెక్కి, ‘పోనీలెండి సార్’ అనుకున్నారు. పోనీలే అనుకోవడానికి వీల్లేనిది సువార్త ఒక్కతెకే. ఆ అమ్మాయికి లెక్కలు వస్తాయి గానీ బట్టీ రాదు. మన చదువుల్లో అది చాలా పెద్ద లోపం. వ్యాసరూప ప్రశ్నల్లో తన సొంత మాటలు రాసి మార్కులు పోగొట్టుకుంటుంది. చివరికి ఫిజిక్సులో రెండు మార్కులు తక్కువై ఫెయిలయింది. అవతల నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చి ఉంది. గడువులోపల పాసయిన మెమో తెచ్చి చూపిస్తే సరే, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. సువార్త పోయి వాళ్ల మేనత్త టైలరింగు షాపులో కాజాలు కుట్టుకోవాలి.

వాళ్ల నాన్న దేవసహాయం మా ఊరి బస్సు డిపోలో డ్రైవరు. ఖాకీ చొక్కాతోనే మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“సార్, నాకు లెక్కలు తెలవ్వు. మా పాప రాసింది ఒప్పా, తప్పా? అదొక్కటి చెప్పండి.”

“ఒప్పే దేవసహాయం.”

“మరి ఒప్పయితే ఫెయిలెట్టా అయిద్ది సార్?”

దీనికి నా దగ్గర సూత్రం లేదు. మర్నాడే తండ్రినీ కూతుర్నీ వెంటబెట్టుకుని రాజధానికి, మండలి ఆఫీసుకి వెళ్లాను.

మూల్యాంకన విభాగం సంయుక్త కార్యదర్శి పేరు పరాంకుశం గారు. మనిషి మంచివాడు. ముగ్గురికీ కుర్చీలు వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు, నేను చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత కళ్లు తెరిచాడు.

“కీ అనునది మండలిచే ఆమోదించబడిన పత్రము. ఆమోదించబడిన పత్రమునందు తప్పు ఉండుటకు వీలు లేదు. ఉన్నచో ఆమోదించబడి యుండెడిదే కాదు.”

“సార్, దీనికో సూత్రం ఉంది. ఎస్ ఈక్వల్టు యూటీ ప్లస్ హాఫ్ ఏటీ స్క్వేర్. తొలివేగం సున్నా కాబట్టి, త్వరణంలో సగాన్ని కాలం వర్గంతో గుణిస్తే చాలు. వంద వస్తుంది.”

“ఆ సూత్రమును ఎవరు ఆమోదించినారు? ఫైలు నంబరు గలదా?”

“ఎప్పుడో మూడు నాలుగు వందల ఏళ్ల కిందటిది సార్.”

“అనగా మండలి ఏర్పడక పూర్వము.” ఆయన జాలిగా తల ఊపాడు. “పాత ఉత్తర్వులు మనకు వర్తించవు మాస్టారూ.”

సువార్త లేచి నిలబడింది.

“సార్, బస్సు పది సెకన్లలో ఇరవై మీటర్లే పోతే, చివర్లో దాని స్పీడు గంటకి డెబ్బై రెండు కిలోమీటర్లు ఎట్టా అవుద్ది సార్? మీరే చెప్పండి.”

పరాంకుశం గారు ఆ అమ్మాయిని ముచ్చటగానే చూశాడు. ఆమె అడిగినదానికి జవాబు ఆయన దగ్గర లేదు గానీ, జవాబు లేనప్పుడు ఏం చేయాలో ఆయనకి బాగా తెలుసు. ఒక కమిటీని వేశాడు.

“సిద్ధాంతపరమైన వివాదము సిద్ధాంతముతో తేలదు. క్షేత్రస్థాయి నిర్ధారణ జరిపించెదము. వివాదము మీ ఊరిది గనుక బస్సు కూడా మీ ఊరిదే కావలెను.”

అసలు సంగతి మాకు బయట ఒక గుమాస్తా చెప్పాడు. కీ మారిస్తే ర్యాంకుల కాలేజీ పిల్లలందరికీ నాలుగేసి మార్కులు పోతాయి. రాష్ట్రంలో మొదటి ర్యాంకులన్నీ వాళ్లవే. వాళ్ల ఫోటోలతో ఫ్లెక్సీలు అప్పటికే ప్రతి కూడలిలోనూ కట్టేశారు. భౌతికశాస్త్రాన్ని మార్చవచ్చు గానీ కట్టిన ఫ్లెక్సీలు విప్పించడం ఎవరి తరం?

కమిటీకి అధ్యక్షుడు ఆచార్య భీమశంకరం గారు. కామర్సు ప్రొఫెసరుగా చేసి రిటైరయినాయన. ఫిజిక్సు తెలిసినవారైతే ముందుగానే ఒక అభిప్రాయంతో ఉంటారనీ, నిష్పాక్షికత దెబ్బతింటుందనీ మండలి భావించింది. సభ్యులు పరాంకుశం గారు, మా డిపో మేనేజరు, నేను. మొదటి సమావేశం మా స్టాఫ్ రూములో పెట్టారు. టీ, మిర్చి బజ్జీలు మేమే తెప్పించాం.

“ప్రశ్నలో బస్సు అని మాత్రమే ఉన్నది,” అన్నాడు ఆచార్యులవారు. “ఎక్స్‌ప్రెస్సా, ఆర్డినరీయా?”

“ఎక్స్‌ప్రెస్ పెట్టండి సార్,” అన్నాను. “ఆర్డినరీ అయితే ఆ త్వరణం రాదు.”

డిపో మేనేజరు కొత్తగా వచ్చిన ఎక్స్‌ప్రెస్ ఒకటి ఇస్తానన్నాడు. అన్నాక ఆయనకి ఒక అనుమానం వచ్చింది. “చివర్లో డెబ్బై రెండు స్పీడంటున్నారు గదండీ. మా బండ్లకి అరవై దాటితే డ్రైవరుకి మెమో ఇవ్వాలి. ప్రశ్న రాసినాయన మా రూల్సు చూసుకున్నాడా అసలు?”

ఆ పది సెకన్లకి మెమో మినహాయిస్తూ తీర్మానం చేశారు. ప్రశ్నలో ప్రయాణికుల ప్రస్తావన లేదు కనుక బస్సు ఖాళీగా ఉండాలన్నారు. కండక్టరు లేకుండా బస్సు కదలడం సంస్థ నియమాలకు విరుద్ధం కనుక కండక్టరు ఉండాలన్నారు. ఖాళీ బస్సులో కండక్టరు ప్రయాణికుడా కాదా అనే చర్చ బజ్జీలు అయిపోయేదాకా నడిచింది.

తర్వాత నిశ్చలస్థితి వచ్చింది. ఇంజను ఆన్ చేసి ఉంచితే బస్సు అద్దాలు, సీట్లు, నంబరు ప్లేటు అన్నీ గడగడలాడుతుంటాయి కదా, అది నిశ్చలం ఎలా అవుతుందన్నాడు పరాంకుశం గారు. పాయింటే. ఇంజను ఆపి ఉంచి, ఈల వేశాక స్టార్ట్ చెయ్యాలన్నారు.

“బ్యాటరీ దిగిపోయి ఉంటే తొయ్యాల్సి వస్తదండీ,” అన్నాడు డిపో మేనేజరు.

“తోసినచో తొలివేగము సున్నా కాదు,” అన్నాడు పరాంకుశం గారు. ఆయన ఒక్క పూటలో ఎంత ఫిజిక్సు నేర్చుకున్నాడో చూసి నేను నిజంగా ఆశ్చర్యపోయాను. నా క్లాసులో కొందరికి రెండేళ్లు పట్టినా ఇది ఎక్కదు. చివరికి ఇంజను ఆన్‌లోనే ఉండవచ్చుననీ, బస్సు వణకడాన్ని గాలితో పాటు విస్మరించాలనీ తీర్మానించారు.

గాలిని ఎలా విస్మరించాలన్నది మాత్రం తేలలేదు. పరీక్ష జరిగే చోట ‘ఈ స్థలమున గాలి నిరోధము విస్మరించబడినది, ఇట్లు కమిటీ’ అని ఒక బోర్డు పెట్టించి సరిపెట్టారు.

డ్రైవరు సంగతికి వస్తే, ఇంతవరకు ఒక్క మచ్చ కూడా లేని రికార్డు డిపోలో దేవసహాయానిదేనని మేనేజరు చెప్పాడు. అతను అభ్యర్థినికి తండ్రి కదా అని నేనే అన్నాను, తర్వాత మాట పడకూడదని. ఆచార్యులవారు కాసేపు గడ్డం గోక్కున్నాడు. “బంధుత్వము త్వరణమును ప్రభావితము చేయును అనుటకు ఆధారము లేదు,” అని తేల్చాడు.

ఆ మాట వినగానే నాకు లోలోపల సంతోషం వేసింది. దేవసహాయం ప్రాణం పెట్టి నడుపుతాడు. రోడ్డుకి కూడా మంచిదే దొరికింది. రైల్వే గేటు నుంచి బియ్యం మిల్లు దాకా కాస్త పల్లంగా, తిన్నగా ఉంటుంది. కొత్త బండి, పల్లం రోడ్డు, పక్కన గాలిని విస్మరించిన బోర్డు. వంద ఎక్కడికి పోతుంది?

“సార్, వంద కాడ సున్నంతో గీత గీయించండి,” అన్నాడు దేవసహాయం. “పదో సెకనుకి నా ముందు టైరు దానిమీదుంటది. మీరు చూస్తా ఉండండి.”

పరీక్ష రోజున ఊరు ఊరంతా రోడ్డుకి రెండువైపులా చేరింది. ఐస్‌క్రీం బండివాడు కూడా వచ్చాడు. గేటు దగ్గర బస్సు ముందు సున్నంతో ఒక గీత, వంద మీటర్ల దగ్గర ఒక గీత గీశారు. వంద దగ్గర సువార్త నిలబడింది. నేను బస్సు పక్కన నిలబడి చూస్తే ఇరవై మీటర్ల దగ్గర అంతకుముందు లేనిది ఒకటి కనబడింది. కొత్తగా పాతిన రేకు బోర్డు. దానిమీద ‘బస్సులు ఆగు స్థలము’ అని ఎర్రరంగుతో రాసి ఉంది. దానికింద మండలి ఆఫీసు అటెండరు చేతిలో సంచీ పట్టుకుని, ఊరికి పోయేవాడిలా నిలబడి ఉన్నాడు.

“ఇదేమిటి సార్?” అన్నాను పరాంకుశం గారితో.

“ప్రజాసౌకర్యార్థము.”

“లెక్కలో స్టాపు లేదు కదా సార్!”

“స్టాపు లేదని కూడా లెక్కలో లేదు.”

నాకు ఒళ్లు మండిపోయింది. కాని అప్పటికే ఆచార్యులవారు ఈల నోట్లో పెట్టుకున్నాడు.

ఈల మోగింది. బస్సు రైల్వే గేటు ఊగిపోయేట్టు అరిచి కదిలింది. నా ఉద్యోగ జీవితంలో సమత్వరణాన్ని బోర్డు మీద తప్ప కళ్లారా చూడలేదు. ఆ రోజు చూశాను. సెకను సెకనుకీ వేగం రెండేసి చొప్పున పెరుగుతోందని ఒట్టేసి చెప్పగలను. బస్సు ఇరవై మీటర్లకు వస్తుండగా అటెండరు రోడ్డు మీదికి ఒక అడుగు వేసి చెయ్యెత్తాడు.

ఇక్కడ మా ఊరి డ్రైవర్ల అలవాటు ఒకటి చెప్పాలి. చెయ్యెత్తిన చోట బస్సు ఆపడం మావాళ్లకి అలవాటు లేదు. అలాగని ఆపకుండానూ పోరు. ఎత్తిన చెయ్యిని దాటించి, ఇంకాస్త ముందుకు తీసుకుపోయి అక్కడ ఆపుతారు. ప్రయాణికులు సంచులూ పిల్లలతో సహా పరిగెత్తుకెళ్లి ఎక్కాలి. ఎందుకలా అని ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. మా ఊళ్లో బస్సెక్కడమంటేనే అది.

దేవసహాయం అటెండర్ని దాటేశాడు. జనం చప్పట్లు కొట్టారు. సువార్త రెండు చేతులూ ఎత్తి ‘రా నాన్నా’ అని అరిచింది. నలభై దాకా బస్సు వింటిలోంచి వదిలిన బాణంలా వచ్చింది. అక్కడ ఉన్నట్టుండి దాని ముక్కు కిందికి వంగింది, టైర్లు కీచుమన్నాయి. పదో సెకను ఈల మోగేసరికి బస్సు అరవై మీటర్ల దగ్గర చక్కగా, నిశ్చలస్థితిలో నిలబడి ఉంది. కండక్టరు తలుపు తీసి, “తొరగా రండి, తొరగా,” అన్నాడు. అటెండరు సంచీ పట్టుకుని పరిగెత్తుకుంటూ వెళ్లి ఎక్కాడు.

దేవసహాయం కిందికి దిగి మెట్టు మీద కూలబడ్డాడు.

“నేను ఆపలేదు సార్. చెయ్యి కనపడింది. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. ఇరవై ఏళ్ల అలవాటు సార్… అమ్మాయ్, నా వల్ల కాలేదమ్మా. నీ సీటు నేనే పోగొట్టా.”

సువార్త వంద దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చి తండ్రి పక్కన కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

“నువ్వేం తప్పు చెయ్యలా నాన్నా. లెక్కలో బస్సు వేరు. దానికి రోడ్డు లేదు, గాలి లేదు, చెయ్యెత్తే మనుషులు లేరు. నువ్వు కూడా లేవు. అది వందే పోతది. మనుషులున్న బస్సు ఇట్టాగే ఆగుద్ది.”

పాఠ్యపుస్తకంలో మొదటి అధ్యాయం మొత్తం చెప్పలేనిదాన్ని ఆ అమ్మాయి నాలుగు ముక్కల్లో చెప్పింది. పక్కకు తిరిగి ఐస్‌క్రీం బండివాడి ధరల పట్టిక చదువుతున్నట్టు నటించాను.

అవతల కమిటీ టేపుతో కొలుస్తోంది. అరవైకి కాస్త అటూ ఇటూగా ఉంది. ఆచార్య భీమశంకరం గారి ముఖం వెలిగిపోయింది. కామర్సు మనిషికి రెండు అంకెలు చూపిస్తే ముందు సగటు తీస్తాడు.

“మండలివారి అంకె ఇరవై. అభ్యర్థిని అంకె వంద. రెండింటి సగటు అరవై. బస్సు ఆగినది కూడా అరవై! ఇరుపక్షములకు సమదూరములో ఆగినది. ప్రకృతి స్వయముగా రాజీకి సమ్మతించినది.”

“సార్, బస్సు బ్రేకు వేసి ఆగింది!” అన్నాను.

“రాజీ యన్నది బ్రేకు వేయనిదే కుదరదు మాస్టారూ,” అన్నాడు పరాంకుశం గారు. ఆయన కూడా చాలా సంతోషంగా ఉన్నాడు.

నేను అసమ్మతి తెలిపాను. అది నివేదికలో ‘ఒక సభ్యుడు దగ్గినాడు’ అని నమోదైంది.

తీర్పు వారంలోపే వచ్చింది. ఆ బస్సు పది సెకన్లలో పోయిన దూరం అరవై మీటర్లు. సూత్రంలో సగం అని ఉన్నచోట ఇకమీదట పదింట మూడు వంతులు అని చదువుకోవలెను. గుణించి చూసుకున్నాను, సరిగ్గా అరవయ్యే వస్తోంది. తప్పు చేసినా లెక్క తప్పకుండా చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. వచ్చే ఏటి పుస్తకాల్లో పదింట మూడు వంతులే అచ్చవుతుందనీ, చెట్టు మీది నుంచి పడే కాయలకూ భవనం మీది నుంచి జారవిడిచే రాళ్లకూ ఇదే వర్తిస్తుందనీ కింద రాశారు. కాయలకి ఎవరు చెబుతారో రాయలేదు.

మరి మార్కుల సంగతి? ఇరవై రాసినవాళ్లు నలభై మీటర్లు తప్పు. వంద రాసినవాళ్లు కూడా నలభై మీటర్లే తప్పు. తప్పులు సమానం కనుక న్యాయం సమానం. రాష్ట్రమంతటా అందరికీ ఆ లెక్కకి సున్నా వేశారు.

దాంతో ర్యాంకుల కాలేజీ భగ్గుమంది. మొదటి ర్యాంకు ఎక్కడికో జారిపోయింది. ఫ్లెక్సీల మీది పిల్లల తల్లిదండ్రులు మండలి ఆఫీసు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. మా సువార్త ఒక్కతె ఇన్నాళ్లు అడిగినా కదలని ఫైలు ఆ టెంటును చూసి ఒక్క పూటలో కదిలింది. సాయంత్రానికల్లా కొత్త ఉత్తర్వు దిగింది. ఆ లెక్క రాసిన ప్రతివారికీ నాలుగు మార్కులు కలుపుతారు. అయితే ఒక్క షరతు. విద్యార్థి స్వయంగా మండలి ఆఫీసుకు వచ్చి, ‘నేను రాసిన సమాధానము తప్పు. అరవై మీటర్లు అనునదే సరియైన సమాధానము’ అని సంతకం చేయాలి.

నర్సింగ్ కాలేజీ గడువు మర్నాటితో ముగుస్తుంది. పొద్దున్నే మేం ముగ్గురం రాజధాని బస్సు దిగాం. ఆఫీసులో పెద్ద క్యూ. ర్యాంకుల పిల్లలు నవ్వుకుంటూ వస్తున్నారు, చదవకుండానే సంతకాలు పెడుతున్నారు. వాళ్లకి ఇరవై అయినా ఒకటే, అరవై అయినా ఒకటే.

సువార్త వంతు వచ్చింది. కలం పట్టుకుని రెండుసార్లు చదివింది.

“సార్, నాది తప్పని నేనే రాయాలా?” అని నన్ను అడిగింది.

నేనేం చెప్పను? ఆ వంద వేయడం నేర్పింది నేను. నాకు సిగ్గేసింది, కోపం వచ్చింది. ‘వద్దమ్మా, పోదాం పద’ అనాలనీ ఉంది, ‘పెట్టమ్మా, నీ సీటు పోతుంది’ అనాలనీ ఉంది. కౌంటరు చెక్కను గోటితో గీకుతూ నిలబడ్డాను. దేవసహాయమే ముందుకొచ్చాడు.

“పెట్టమ్మా. కాయితం మీదే గదా ఒప్పుకునేది. నీకు తెలిసింది నీకాడే ఉంటది. పెట్టు.”

సువార్త సంతకం చేసింది. అచ్చంగా, కింద ఒక్క మాట కూడా చేర్చకుండా, గుండ్రటి అక్షరాలతో. పరాంకుశం గారు స్వయంగా వచ్చి పాసు మెమో ఆమె చేతికిచ్చాడు.

“శుభము. ఇకమీదట అరవై యని జ్ఞాపకముంచుకొనుము తల్లీ.”

“అట్టాగే సార్,” అంది. ముఖం మాత్రం ఎత్తలేదు.

బయటికొచ్చి గేటు పక్కన నిలబడ్డాం. సీటు నిలబడింది. దేవసహాయం చెరుకురసం తెస్తానని వెళ్లాడు. భోజనాల వేళ కావడంతో పరాంకుశం గారు కూడా క్యారేజీ చేత్తో పట్టుకుని గేటు దాటి వచ్చాడు. ఎదురుగా రోడ్డు, అవతల పార్కు. ఆయన రోజూ అక్కడే తింటాడట.

కుడివైపు, ఎనభై మీటర్లకు కాస్త అటూ ఇటూగా, సిటీ బస్సు స్టాపులో ఆగి ఉంది. పరాంకుశం గారు రోడ్డు మీద ఒక కాలు పెట్టాడు. అదే క్షణంలో కండక్టరు రైట్ రైట్ అన్నాడు, బస్సు నిశ్చలస్థితి నుంచి కదిలింది. ఆయన ఒకసారి దానివైపు చూశాడు. మండలి లెక్కన పది సెకన్లయినా అది అరవై మీటర్లే వస్తుంది, ఆయన దాకా రాదు. క్యారేజీ ఊపుకుంటూ, దారిలో కాస్త ఆగి చెమట తుడుచుకుని మరీ దాటవచ్చు.

పరాంకుశం గారు కాలు వెనక్కి తీసుకున్నాడు. వెనక్కి తీసుకోవడమే కాదు, ఇంకో అడుగు వెనక్కి వేసి, గేటు స్తంభాన్ని ఆనుకుని, క్యారేజీ గుండెలకు హత్తుకుని నిలబడ్డాడు. బస్సు రయ్యిమని ఆయన ముందు నుంచి దుమ్ము రేపుకుంటూ పోయింది. అది పూర్తిగా వెళ్లిపోయాక, రెండు వైపులా చూసుకుని అప్పుడు దాటాడు.

సువార్త నా వైపు తిరిగింది. పొద్దున్నించి ఇప్పటికి నవ్వింది.

“ఆయన వందే వేశారు సార్,” అంది. “నాలుగుకి నాలుగూ ఇవ్వొచ్చు.”